ద్వీపంలో మూడు రాత్రులు

ప్రయాణం చేసి వచ్చినవారిని ఏమి చూశారని అందరూ అడుగుతారు. ఎక్కడ తల దాచుకొన్నారని అడిగేవారు అరుదు. నన్ను ఆ ప్రశ్న వేసింది మా మదర్సాలో హిఫ్జ్ చదివే ఒక చిన్న పిల్లవాడు. “హజ్రత్, అక్కడ మీరు ఎవరి ఇంట్లో పడుకొన్నారు?” అన్నాడు. వాడికి సమాధానం చెప్పబోతే అది ఒక మాటతో ముగియలేదు. అందువల్ల ఈ నెల ఈ పుటను దానికే కేటాయిస్తున్నాను.

గత షవ్వాల్‌లో, పండుగ ముగిసిన నాలుగవ నాడు, మేము నలుగురం శ్రీరంగపట్నం బయలుదేరాము. నేను, మా శ్రీమతి, వితంతువైన మా ఆపా, పన్నెండేళ్ళ మా మనుమడు. మదర్సా మళ్ళీ తెరవడానికి ఇంకా పది రోజుల వ్యవధి ఉంది. ఆర్మూరు చుట్టుపక్కల కళ్ళాలలో ఉడికించిన పసుపు ఇంకా ఎండుతూ ఉంది. నిజామాబాదు యార్డుకు బండ్లు పోతూనే ఉన్నాయి. ఈ వాసనను విడిచి ఎక్కడికీ పోనివారు మా ఆపా. యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో హైదరాబాదు దాటి ఎరుగరు. టీపూ సుల్తాన్ సమాధి వద్ద ఒకసారి ఫాతిహా చదవాలన్నది ఆమె చిన్ననాటి కోరిక. ఆ కోరికను మా నాన్నగారు తీర్చలేకపోయారు. నేను ముప్పై ఏళ్ళు వాయిదా వేశాను.

బస్సులో హైదరాబాదు, కాచిగూడలో రాత్రి రైలు, బెంగుళూరు నుంచి మళ్ళీ బస్సు. మైసూరుకు ఇంకా పదిహేను కిలోమీటర్లు ఉందనగా కావేరి కనబడింది. నది అక్కడ రెండు పాయలుగా చీలి, కొంత దూరం పోయి తిరిగి కలుస్తుంది. ఆ రెండు పాయల నడుమ ఉన్న భూమి మీదనే కోట, రంగనాథస్వామి ఆలయం, మస్జిదె ఆలా, గుంబజ్, నేటి ఊరు, అన్నీ ఉన్నాయి. సముద్రం లేకపోయినా అది ద్వీపమే. వంతెన దాటుతుంటే మా మనుమడు, “నానా, ఇది నిజంగా ద్వీపమా?” అని మూడుసార్లు అడిగాడు. వాడు పాఠ్యపుస్తకంలో తప్ప ద్వీపాన్ని చూడలేదు. నేనూ చూడలేదు.

మొదట వెళ్ళిన లాడ్జి కాస్త పెద్దది. బల్ల వెనుక ఉన్న యువకుడు మా వంక చూసి, గదులు లేవన్నాడు. అతని వెనుక చెక్కపలకకు తాళంచెవులు వరుసగా వ్రేలాడుతున్నాయి. నేను వాటిని లెక్కపెట్టాను. పద్నాలుగు ఉన్నాయి. మారుమాట లేకుండా బయటికి వచ్చాము. వీధిలోకి వచ్చాక, అలసట వల్లనో ఎండ వల్లనో, నా నోటి నుంచి ఒక మాట జారింది: “గడ్డమూ బుర్ఖా చూశాడు, అంతే.” మా శ్రీమతి ఏమీ అనలేదు. మనుమడు మాత్రం వెనుదిరిగి ఆ భవనం పేరు చదివాడు.

అలా జరగదని నేను అనడం లేదు. జరుగుతుంది. నగరాలలో అద్దె ఇంటి కోసం తిరిగిన మన పిల్లలు ఎందరో ఆ చేదు రుచి చూసినవారే. కాని ఆ రోజు జరిగింది అదేనా అన్నది వేరు ప్రశ్న. దాని సంగతి తరువాత చెబుతాను.

రెండు సందుల అవతల మాకు దొరికినది ఎనిమిది గదుల చిన్న లాడ్జి. క్రింద యజమానురాలి కుటుంబం నివాసం, పైన గదులు. అరవై దాటిన ఆమె మమ్మల్ని చూడగానే కన్నడంలో ఏదో అని, మా ముఖాలు చూసి వెంటనే తెలుగులోకి మారింది. అది మన తెలుగు కాదు. చివర సాగదీసే తెలుగు, మధ్యమధ్య కన్నడం. “యాడ నుంచి వస్తిరి సాయిబుగారూ?” ఆమె పుట్టినిల్లు కోలారు జిల్లాలోని బూదికోట దగ్గర పల్లె అట. ఆ సీమలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబాలు నేటికీ ఎన్నో ఉన్నాయి. బూదికోట అన్న పేరు వినగానే నేను ఉలిక్కిపడ్డాను. టీపూ తండ్రి హైదర్ అలీ పుట్టిన ఊరు అదే. ఆ మాట చెబితే ఆమె నవ్వి, “మా ఊరోడే, అంటే మాకు చుట్టమే” అన్నది.

గది గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. రెండు మంచాలు, నేలపై వేయడానికి ఒక పరుపు, గోడకు చిలుకకొయ్యలు, కాస్త ఊగుతూ తిరిగే పంకా. వేడినీళ్ళు ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు మాత్రమే, అదీ బకెట్టుతో క్రింది నుంచి తెచ్చుకోవాలి. అద్దె రోజుకు తొమ్మిది వందలు. దుప్పట్లు పాతవి, కాని ఉతికి ఎండలో ఆరినవి. ఆ వాసన మా ఆపాకు నచ్చింది. కిటికీ తెరిస్తే నది కనబడదు, పక్కింటి పెరటిలోని కొబ్బరిచెట్టు కనబడుతుంది.

నమాజు వేళ అయింది. ఖిబ్లా ఏ వైపో తేల్చుకోవాలి. మన ఆర్మూరులో పడమర దిక్కు నుంచి ఉత్తరానికి పదకొండు డిగ్రీల మేర ఒరిగితే చాలు. అక్కడ మనం మరింత దక్షిణాన ఉంటాము గనుక దాదాపు పందొమ్మిది డిగ్రీలు ఒరగాలి. ఈ లెక్క మనుమడికి వివరిస్తూ ఉండగా యజమానురాలు పరుపు మోసుకొని పైకి వచ్చింది. మా సంభాషణ విని, “ఆ కొబ్బరిచెట్టు తట్టు తిరగండి. ముందు వచ్చినోళ్ళంతా అట్లే నిలబడిరి” అని చెప్పింది. నేను దిక్సూచితో సరిచూశాను. చెట్టు సరిగ్గా ఆ దిక్కునే ఉంది. ఎన్ని కుటుంబాలు ఆ గదిలో నమాజు చేసి ఉంటే ఆమెకు ఆ గుర్తు నిలిచిపోయి ఉండాలి!

ప్రయాణంలో ఉన్నవానికి షరీఅత్ ఇచ్చిన సౌలభ్యం మీకు తెలిసినదే. నాలుగు రకాతుల ఫర్జ్ రెండవుతుంది. పదిహేను రోజులకు తక్కువ బస చేసే సంకల్పం ఉన్నంత కాలం హనఫీ ఫిఖ్హు ప్రకారం మనం ముసాఫిర్లమే. గదిలో రెండు రకాతులు, మస్జిదులో స్థానిక ఇమాము వెనుక నిలిస్తే నాలుగు. ఈ తేడా మనుమడికి పుస్తకంలో ఎన్నిసార్లు చెప్పినా అంటలేదు. మొదటి రోజు జుహ్ర్ గదిలో, అస్ర్ మస్జిదె ఆలాలో చదివాక ఇక మరువలేదు.

మస్జిదె ఆలా కోట లోపల, బెంగుళూరు ద్వారం సమీపంలో ఉంది. 1780ల నాటి కట్టడం. మెట్లెక్కి పైకి పోవాలి. రెండు మీనార్లూ పొడవైనవి, వాటి నిండా పావురాల గూళ్ళ వంటి రంధ్రాలు. ఈ మస్జిదు ప్రారంభం నాటి కథ ఒకటి పెద్దలు చెప్పుకొంటారు. తొలి నమాజుకు ఇమామత్ చేయవలసినవాడు యుక్తవయసు నుంచి ఒక్క నమాజు కూడా తప్పనివాడై ఉండాలని అనుకొన్నారట. సభలో ఎవరూ లేవలేదట. చివరకు సుల్తానే ముందుకు వచ్చాడట. కథకు ఆధారం ఎంత బలమైనదో నేను చెప్పలేను. మా గురువులు చెప్పగా విన్నాను, నా విద్యార్థులకు చెప్పాను. ఆ మెట్లపై కూర్చొని మనుమడికీ చెప్పాను. వాడు నన్ను సూటిగా చూసి, “నానా, మీరు లేచేవారా?” అని అడిగాడు. నేను లేవలేనని చెప్పాను.

మరునాడు గుంబజ్‌కు వెళ్ళాము. ద్వీపం తూర్పు కొసన, లాల్‌బాగ్ తోటలో, 1782లో హైదర్ అలీ మరణించిన తరువాత కుమారుడు కట్టించినది. నల్లని నున్నని రాతి స్తంభాలు చుట్టూరా, ఏనుగు దంతం పొదిగిన తలుపులు. లోపల గోడలపై పులిచారలు. నడుమ తండ్రి, ఒక పక్క తల్లి ఫాతిమా ఫఖ్రున్నిసా, మరొక పక్క కొడుకు. 1799 మే 4న కోట పడిన రోజు, నీటి ద్వారం దగ్గర శవాల నడుమ సుల్తాన్ దేహం రాత్రి వేళ దొరికింది. తరువాతి నాడు అతన్ని ఇక్కడ ఖననం చేశారు. మా ఆపా చాలాసేపు నిలబడి దుఆ చేసింది. బయటికి వచ్చి, “తల్లి పక్కనే పెట్టారు, మంచి పని చేశారు” అన్నది. అంతకు మించి ఆమె ఆ రోజంతా ఏమీ అనలేదు.

అక్కడి నుంచి దరియా దౌలత్ బాగ్. 1784 నాటి టేకు మండపం. గోడల నిండా 1780లో పొల్లిలూరు వద్ద కర్నల్ బెయిలీ సైన్యం ఓడిన యుద్ధ చిత్రం. మాకు తోడు వచ్చిన మార్గదర్శి గోడ పైభాగాన ఒక గుంపును చూపి, “ఇది నిజాం సైన్యం. యుద్ధమంతా అయిపోయాక తీరికగా వస్తున్నారు” అని నవ్వాడు. తరువాత మేము ఎక్కడి నుంచి వచ్చామని అడిగాడు. నిజామాబాదు జిల్లా అన్నాను. అతడు మరింత నవ్వాడు. మనుమడికి నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం లాడ్జి వరండాలో వాడు అడిగాడు: “నానా, 1799లో మనం ఎవరి వైపు?”

పాఠకులారా, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఆ ప్రశ్న ఇంత సూటిగా ఎవరూ వేయలేదు. నిజం చెప్పక తప్పదు. నిజాం అలీ ఖాన్ 1798లో ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకొన్నాడు. మరు సంవత్సరం హైదరాబాదు సైన్యం మీర్ ఆలం నాయకత్వంలో జనరల్ హారిస్ పక్షాన శ్రీరంగపట్నం మీదికి నడిచింది. ఆ సైన్యంతో పాటు ఉన్న ఆంగ్ల అధికారి ఆర్థర్ వెల్లెస్లీ, తరువాత యూరోపులో నెపోలియన్‌ను ఓడించి పేరు పొందిన వెల్లింగ్టన్. హైదరాబాదులో మనం దాటిపోయే మీరాలం చెరువు, మీరాలం మండీ ఆ సేనాని పేరిటివే. చెరువు ఆ యుద్ధంలో దక్కిన ధనంతో కట్టించినదని చెప్పుకొంటారు. మైసూరు నుంచి నిజాం వాటాగా వచ్చిన కడప, బళ్ళారి మొదలైన సీమలను అతడు 1800లోనే కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలంటే అవే. 1928లో వాటికి రాయలసీమ అన్న పేరు పెట్టుకొన్నారు. అంటే ఈ ద్వీపంలో పారిన నెత్తురుకు మన తెలుగు పటంలోని గీతలకు సంబంధం ఉంది.

ఇదంతా చెప్పి, “మన ముత్తాతలు మాత్రం అప్పుడు ఇందూరు సీమలో పసుపు తవ్వుకొంటూ ఉండి ఉంటారు” అని తేలికపరచబోయాను. వాడు ఒక్క క్షణం ఆలోచించి, “ఆ సైన్యానికి జీతాలు ఆ పసుపు శిస్తులోంచే కదా నానా?” అన్నాడు. మా శ్రీమతి లోపలి నుంచి, “చదువు చెప్పించినవారు మీరే” అని పలికింది.

అదే ఊపులో మరొక సంగతి కూడా వాడికి చెప్పాను. సుల్తాన్‌ను మనం కేవలం పొగడడానికి వాడుకొంటే అతనికీ న్యాయం చేయము, మనకూ న్యాయం చేసుకోము. 1791లో మరాఠా దండు శృంగేరి మఠాన్ని దోచినప్పుడు పునరుద్ధరణకు ధనం పంపినవాడు అతడే. అతడు ఆ మఠానికి వ్రాసిన కన్నడ లేఖలు దాదాపు ముప్పై, 1916లో వెలుగు చూశాయి. ఇదే ద్వీపంలోని రంగనాథస్వామి ఆలయానికి అతడిచ్చిన వెండి పాత్రలున్నాయి. కొడగులోనూ మలబారులోనూ అతని సైన్యం చేసిన కఠిన కృత్యాలను అక్కడివారు మరువలేదు, అదీ చరిత్రే. రెండింటినీ ఒకే మనిషి ఖాతాలో వ్రాసుకోగలిగిననాడే పిల్లవాడు చరిత్ర చదివినట్టు.

నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టనివ్వనిది యుద్ధం కాదు, పుస్తకాలు. కోట పడిన రాత్రి నగరం దోపిడికి గురైంది. సుల్తాన్ గ్రంథాలయంలో అరబీ, ఫార్సీ, దక్కనీ భాషలలో సుమారు రెండు వేల సంపుటాలు ఉండేవి. తఫ్సీర్, హదీసు, ఫిఖ్హు, తసవ్వుఫ్, గణితం, వైద్యం, చరిత్ర. అవి కలకత్తాకూ ఇంగ్లండుకూ తరలిపోయాయి. చార్లెస్ స్టూవర్ట్ అనే ఆచార్యుడు వాటి పట్టికను 1809లో కేంబ్రిడ్జిలో అచ్చువేయించాడు. పట్టిక మిగలడం కూడా ఒక మేలే అనుకోవాలి. చదివేవారున్న ఊరిలో మాత్రం ఒక్క అలమారా మిగలలేదు.

మా పూర్వ విద్యార్థి ఒకడు ఓడలో ఉద్యోగం చేస్తున్నాడు. గ్రీసు దేశపు రోడ్స్ ద్వీపంలో ఓడ మరమ్మతుకు ఆగితే, పాత కోట ఊరిలో ఒక చిన్న బసలో రెండు రాత్రులు ఉన్నాడట. అతడు ఫోనులో చెప్పిన వివరాలు నాకు అప్పుడు గుర్తుకు వచ్చాయి. ఆ ఊరిలో క్రైస్తవ యోధుల సంఘం రెండు వందల ఏళ్ళు పాలించింది. భాషకొక్కటి చొప్పున తమవారికి కట్టుకొన్న వసతి గృహాలు ఒకే వీధి పొడవునా నేటికీ ఉన్నాయి. 1522లో సుల్తాన్ సులైమాన్ ద్వీపాన్ని గెలిచి, ఓడిన యోధులను ప్రాణాలతో సాగనంపాడు. అతని పేర మస్జిదు ఉంది. దాని ఎదుట హాఫిజ్ అహ్మద్ ఆగా 1793లో స్థాపించిన గ్రంథాలయం ఉంది. అరబీ, ఫార్సీ, తుర్కీ వ్రాతప్రతులు నేటికీ అందులోనే ఉన్నాయి. పాలకులు తుర్కుల నుంచి ఇటలీవారికి, వారి నుంచి గ్రీకులకు మారారు. 1923లో గ్రీసు, తుర్కీ దేశాలు ప్రజలను మార్చుకొన్నప్పుడు ద్వీపం ఇటలీ చేతిలో ఉన్నందువల్ల అక్కడి ముస్లిములు కదలలేదు. 1793లో ఒక ద్వీపంలో ఒక పుస్తకాల గది తెరుచుకొంది. ఆరేళ్ళ తరువాత మరొక ద్వీపంలో మరొకటి ఖాళీ అయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు ఊగే పంకా వంక చూస్తూ పడుకొన్నాను.

ఇప్పుడు ఆ మొదటి లాడ్జి సంగతి.

రెండవ రోజు ఉదయం మా శ్రీమతి క్రింద వంటింటి గడపలో కూర్చొని యజమానురాలితో మాట్లాడుతూ ఉంది. దారి ఖర్చుల సంచిలో మేము ఇంటి వాడుకకు పెట్టుకొన్న పసుపు పొట్లం ఒకటి ఉంది. దాన్ని ఆమెకు ఇచ్చింది. యజమానురాలు చిటికెడు తీసి అరచేతిలో రుద్ది వాసన చూసింది. ఆమె భాషలో దానిని అరిశిన అంటారు. ఉడకబెట్టినది ఎన్నాళ్ళు ఎండబెడతారు, పై పొర ఎలా తీస్తారు, ఎందుకింత ముదురు రంగు అంటూ ఒకటే ప్రశ్నలు. ఇద్దరికీ సగం మాటలే అర్థమవుతున్నాయి, కాని సంభాషణ ఆగడం లేదు. మధ్యలో మా మనుమడు కల్పించుకొని, “ఆ పెద్ద లాడ్జిలో మేము ముస్లిములమని గది ఇవ్వలేదు” అన్నాడట. ఆమె చేయి ఆగిపోయిందట. “ఎవరు చెప్పిరి?” అని అడిగిందట. “మా నానా చెప్పారు.”

ఆమె నన్ను పిలిపించింది. కోపం లేదు, కాని ముఖంలో నవ్వూ లేదు. “సాయిబుగారూ, ఆ లాడ్జి అంతా పెండ్లోళ్ళు పట్టిరి. మూడు వారాల ముందే. రాత్రికి దిగుతారు సూడండి” అన్నది. ఆ రాత్రి ఇషా నుంచి తిరిగి వస్తుంటే చూశాను. గుమ్మానికి అరటి బోదెలు, దీపాల తోరణాలు, రెండు బస్సుల జనం. పలకపై తాళంచెవి ఒక్కటి కూడా లేదు.

ఊహలలో అధికభాగానికి దూరంగా ఉండండి, కొన్ని ఊహలు పాపమవుతాయి అని హుజురాత్ సూరా బోధించే విషయాన్ని నేను సంవత్సరానికి కనీసం రెండుసార్లు పిల్లలకు వివరిస్తాను. వివరించడంలో నాకు ఇబ్బంది ఎన్నడూ కలుగలేదు. ఒక అపరిచితుని గురించి నేను అనుకొన్న చెడ్డ ఊహ నాలోనే ఉంటే తౌబాతో పోయేదేమో. దాన్ని ఒక పిల్లవాని చెవిలో వేశాను. వాడు దానిని ద్వీపం నుంచి ఆర్మూరుకు మోసుకుపోయి, అక్కడ పది మందికి చెప్పేవాడు. వారిలో ఒక్కరికీ ఆ పెళ్ళి సంగతి తెలిసేది కాదు.

మూడవ నాడు ఫజ్ర్ తరువాత మనుమని వెంటబెట్టుకొని ఆ లాడ్జికి వెళ్ళాను. అదే యువకుడు బల్ల వెనుక కునికిపాట్లు పడుతున్నాడు. అతనికి మేము గుర్తు లేము. వచ్చీరాని హిందీలో అతడూ, ఉర్దూలో నేనూ. మొన్న మీరు గది లేదన్నప్పుడు నేను మీ గురించి తప్పుగా అనుకొన్నాను, ఈ పిల్లవానితో తప్పుగా చెప్పాను, వీని ఎదుటే క్షమాపణ చెప్పడానికి వచ్చాను అన్నాను. అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సిగ్గుపడి లేచి నిలబడ్డాడు. “ఆ రోజు మా మేనమామనే తిప్పి పంపాను సాబ్” అన్నాడు. కాసేపాగి, తలుపు వైపు ఒకసారి చూసి, “అలా చేసేవాళ్ళు లేరని కాదు” అని కూడా అన్నాడు. ఆ మాట అతడు అనకపోయినా నేను అతన్ని తప్పుపట్టేవాణ్ణి కాను. టీ తెప్పించాడు. మనుమడు తన టీ చల్లారేవరకు త్రాగకుండా అతని వంకే చూస్తూ కూర్చొన్నాడు.

అతిథి మర్యాద మూడు దినాలని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. మాది డబ్బిచ్చిన బస, కనుక ఆ లెక్క మాకు వర్తించదు. అయినా మూడు రాత్రులు ముగిశాక లెక్క చూస్తే యజమానురాలు అదనపు పరుపుకు డబ్బు వేయలేదు. వేయమన్నాను. “పసుపు ఇస్తిరి గదా” అన్నది. ఇచ్చినది పావు కిలో కూడా ఉండదు. మా ఆపా గదిలోకి పోయి, మేము వాడిన దుప్పట్లన్నీ మడిచి మంచంపై పెట్టి వచ్చింది. లాడ్జీలలో ఆ పని మనం చేయనక్కరలేదని ఎవరు చెప్పినా ఆమె వినదు.

తిరిగి వచ్చిన వారం రోజులకు అంకాపూర్ వైపు ఉండే పరిచయస్తుడైన రైతు దగ్గర రెండు కిలోల కొమ్ములు, ఒక కిలో పొడి కొని, పార్సిలు కట్టి పంపాము. చిరునామా మనుమడే వ్రాశాడు. తొమ్మిదవ రోజున ఫోను వచ్చింది. యజమానురాలు మా శ్రీమతితో అరగంట మాట్లాడింది. కొమ్ములు దంచితే రంగు బాగా దిగిందట, కోడలికి కాన్పు అయిందట, కొబ్బరిచెట్టును పక్కింటివారు కొట్టించారట. ఆ గదిలో దిగేవారికి ఇప్పుడు దిక్కు ఎలా చెబుతున్నావని మా శ్రీమతి అడిగింది. గోడపై సున్నంతో ఒక గీత గీయించానన్నది.